టర్కో హత్య, తురక చదువు

గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ రాసిన 'క్రానికల్ ఆఫ్ ఎ డెత్ ఫోర్‌టోల్డ్' గురించి ఎవరు మాట్లాడినా ముందుగా అనే మాట ఒకటుంది. ఇది తలకిందులు డిటెక్టివ్ నవల అని. హంతకులెవరో మొదటే తెలుసు. ఎందుకు చంపారో తెలుసు. ఏ కత్తులతో, ఏ గుమ్మం ముందు పొడిచారో అన్నీ తెలుసు. మరి ఇరవై ఏడేళ్ల తర్వాత కథకుడు ఆ ఊరికి మళ్లీ వెళ్లి గడప గడపా తిరిగి ఏం అడుగుతున్నట్టు? విధి గురించి అన్నారు కొందరు. పరువు గురించి అన్నారు కొందరు. లాటిన్ అమెరికా మగాడి అహంకారం గురించి అన్నారు ఇంకొందరు. ఇందులో ఏదీ తప్పని మేం అనం. కాని చచ్చిపోయినవాడు ఎవరు అనే సంగతి దగ్గరికి వచ్చేసరికి ఈ పెద్దలు చల్లగా దాటిపోయారు. వాడొక అరబ్బు. ఆ ఊరి నోట్లో టర్కో. మేం ఆ మాట దగ్గరే ఆగిపోయాం. ఈ నవలని తురకలుగా చదవాల్సి వచ్చింది.

కథ తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. కొలంబియాలో కరీబియన్ సముద్రం వైపున, పడవల్లో వచ్చిపోయే ఒక మారుమూల ఊరు. బయార్దో సాన్ రోమాన్ అనే డబ్బున్న పరాయి ఊరివాడు, ఆంహెలా వికారియో అనే లేనింటి పిల్లని చూసి, ఊరు ఊరంతా తాగి ఊగిపోయేలా పెళ్లి చేసుకుంటాడు. ఆ రాత్రే పిల్ల కన్య కాదని తెచ్చి పుట్టింటి గుమ్మంలో వదిలేసి పోతాడు. తల్లి ఆ పిల్లని గంటల తరబడి, చప్పుడు బయటికి రాకుండా కొడుతుంది. కవల అన్నలు పాబ్లో, పెద్రో వచ్చి ఎవడు వాడు అని అడుగుతారు. పిల్ల ఒక పేరు చెబుతుంది. సాంతియాగో నాసర్. ఇరవై ఒక్కేళ్లవాడు, మూడేళ్ల కింద తండ్రి పోతే చదువు ఆపి పశువుల కొట్టం, పొలం చూసుకుంటున్నవాడు. అన్నదమ్ములు పందులు కోసే కత్తులు తీసుకుని మాంసం బజారుకెళ్లి నూరుకుంటూ, వాణ్ణి చంపబోతున్నాం అని కనిపించినవాడికల్లా చెబుతారు. తర్వాత వాడి ఇంటికెదురుగా పాలకొట్లో కూర్చుని అక్కడికి వచ్చినవాళ్లకి చెబుతారు. ఎవరైనా ఆపుతారేమో అన్నట్టుగా చెబుతారు. కర్నల్ అపోంతే వచ్చి కత్తులు గుంజుకుని, పని అయిపోయిందనుకుని వెళ్లిపోతాడు. వాళ్లు ఇంకో జత తెచ్చుకుంటారు. కర్నల్‌కి మళ్లీ కబురు అందినా, ఆ రాత్రి డొమినోల ఆట ఖాయమేనా అని కనుక్కోవడానికి క్లబ్బులోకి వెళ్తాడు. ఫాదర్ అమదోర్‌కి కబురు పంపితే, బిషప్పు వస్తున్న హడావిడిలో మరిచిపోయానంటాడు. ఆ బిషప్పు పడవ కూడా దిగలేదు. నది మీంచే చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

పాలకొట్టు నడిపే క్లోతిల్దే అర్మెంతా ఒక్కతే ఆ కుర్రాళ్లని చూసి జాలిపడింది. వాళ్లనే ఆ దిక్కుమాలిన బాధ్యత నుంచి తప్పించాలని మొత్తుకుంది. ఊరికి వినపడలేదు.

ఇక ఆ మాట సంగతి. పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సిరియా, లెబనాన్, పాలస్తీనా నేలల నుంచి దక్షిణ అమెరికాకి వలసపోయినవాళ్ల దగ్గర ఒట్టోమన్ సుల్తాను రాజ్యం కాగితాలుండేవి. కాగితం మీద టర్కీ ఉంది కాబట్టి మనిషి టర్కో అయ్యాడు. మాట్లాడేది అరబ్బీ, తినేది అరబ్బు తిండి, మోకరిల్లేది చర్చిలో. అయినా టర్కోనే. మా పేరు కూడా అలాగే వచ్చింది. తురుష్కుల నుంచి తురక. మా తాతల్లో టర్కీ ముఖం చూసినవాడెవడో మాకు తెలియదు. దూది ఏకినవాడు, గేదెల్ని కోసినవాడు, గుర్రపు బండి తోలినవాడు, పీర్లెత్తినవాడు, ఊరిచివర సమాధికి దీపం పెట్టినవాడు, తరతరాలుగా ఇక్కడే పుట్టి ఇక్కడి మట్టిలో కలిసినవాడు. వాడు తురక. రెండు ఖండాల అవతల ఇంకో మనిషికి అదే ముద్ర ఉందని తెలిసినప్పుడు, ఆ నవలకీ మాకూ మధ్య దూరం ఒక్కసారిగా తగ్గింది. ఒకటి మాత్రం ముందే చెప్పాలి. సాంతియాగో నాసర్ ముస్లిం కాదు. మార్క్వెజ్ ఆ ఊరి అరబ్బుల్ని క్యాథలిక్కులుగానే చూపాడు. కాబట్టి మా మతం వాడని మేం వాణ్ణి దగ్గరికి తీసుకోవడం లేదు. మెజారిటీ దేవుణ్ణే మొక్కినా మనిషి మెజారిటీ కాలేడన్న సంగతి ఇంకా ఎక్కువ కలవరపెడుతుంది. మతం మారితే సరిపోతుందని మాకు సలహాలిచ్చే ఇంటివాపసీ పెద్దలు ఈ నవల చదివితే బాగుండును.

ఇంకో సంగతి. ఈ హత్య కల్పన కాదు. 1951 జనవరిలో కొలంబియాలోని సుక్రే అనే ఊళ్లో నిజంగానే జరిగింది. మార్క్వెజ్ కుటుంబం అప్పుడు ఆ ఊళ్లోనే ఉంది. చచ్చిపోయినవాడు ఆయన స్నేహితుడు. ముప్పై ఏళ్లు ఆ కథని కడుపులో పెట్టుకుని 1981లో నవలగా బయటికి తెచ్చాడు. అయితే ఆ నిజం కుర్రవాడు అరబ్బు కాదు. ఇటలీ నుంచి వలసవచ్చిన కుటుంబం వాడు. మార్క్వెజ్ అతణ్ణి అరబ్బుని చేశాడు. ఎందుకు చేశాడు? ఆయన భార్య మెర్సెదెస్ బార్చా తాత ఈజిప్టు నుంచి వచ్చినవాడు. అత్తవారింటి వలసకథలు ఆయనకి దగ్గరగా తెలుసు. అదొక కారణం కావచ్చు. కాని మాకు తోచేది వేరే. ఇటలీవాడు చచ్చిపోతే అది ఒక హత్య. అదే టర్కో చచ్చిపోతే, ఆ చావు మీద ఊరు అడగని ప్రశ్నలు కూడా కథలోకి వచ్చి కూర్చుంటాయి. ఆ అడగని ప్రశ్నల కోసమే పేరు మారిందని మేం అనుకుంటున్నాం.

ఆ ప్రశ్నల్లో మొదటిది చాలా చిన్నది. ఆ పిల్ల చెప్పిన పేరు నిజమేనా?

నవలలో విచారణకి వచ్చిన మేజిస్ట్రేటు అప్పుడే చదువు పూర్తిచేసుకున్న కుర్రాడు. పుస్తకాలు బాగా చదివినవాడు. అతని పేరు కూడా కాగితాల్లో మిగల్లేదు. రియోహాచా న్యాయస్థానం కింది అంతస్తులో నీళ్లలో తేలుతున్న కట్టల్లోంచి కథకుడు ఏరుకున్నవి 322 పేజీలు. మొత్తం అయిదొందల పైన ఉండాలట. ఆ పేజీల అంచుల్లో మేజిస్ట్రేటు ఎర్రసిరాతో రాసుకున్న మాటలున్నాయి. అతణ్ణి అన్నిటికంటే భయపెట్టింది ఒక్కటే. సాంతియాగో నాసర్ ఆ తప్పు చేశాడనడానికి ఎంత వెతికినా, నమ్మశక్యం కానిదైనా సరే, ఒక్క ఆనవాలు దొరకలేదు. వాళ్లిద్దరినీ కలిసి చూసినవాడు లేడు. వాళ్లవి రెండు వేరు వేరు లోకాలు. పిల్లని అడిగితే వాడే అంది. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది చెప్పలేదు. తను ప్రేమించిన ఇంకెవరినో కాపాడటానికి ఈ పేరు చెప్పి ఉంటుందని, ఇంత డబ్బున్నవాడి మీదికి అన్నలు వెళ్లరనుకుని ఉంటుందని ఊరు తర్వాత తీరిగ్గా ఊహించుకుంది. తర్వాత. అంతా అయిపోయాక. ఆ తెల్లవారుజామున మాత్రం ఊళ్లో ఒక్కడికీ అనుమానం రాలేదు. మాంసం బజారులో కత్తులు నూరుతుంటే విన్నవాళ్లలో కొందరు తాగి వాగుతున్నారనుకున్నారు. చంపరులే అనుకున్నారు. కాని 'వాడు చేశాడని ఎవరన్నారు' అని అడిగిన మనిషి లేడు.

ఎందుకు లేడు? దానికి జవాబు నవలలో ఒక మూల, ఎవరూ పట్టించుకోని ఒక వాక్యంలో ఉంది. ఆ ఉదయం సాంతియాగో నాసర్ నిశ్చింతగా తిరుగుతుంటే చూసిన కరెంటు మిల్లు యజమాని, డబ్బుంది కదా తననెవరూ ముట్టుకోలేరనే ధీమా అనుకున్నాడు. పక్కనున్న భార్య ఫౌస్తా లోపెస్ దానికొక మాట తగిలించింది. టర్కోలందరి తీరూ అదేనంది. అంతే. ఆవిడ దుర్మార్గురాలు కాదు. చంపమని అనలేదు. మామూలుగా, పొద్దున్నే, దారిన పోతూ అనేసింది. ఈ మాట మా చెవులకి కొత్తది కాదు. టీ బంకు దగ్గర, బస్సులో, ఆఫీసులో సంతకం కోసం నిలబడ్డప్పుడు, 'మీవాళ్లంతా అంతే కదా సాయిబూ' అని నవ్వుతూ అనే మాట. అన్నవాడు సాయంత్రానికి మరిచిపోతాడు. ఆ మేజిస్ట్రేటు ఆర్కిమెడిస్ మీటని తలుచుకుంటూ, లోకాన్ని కదిలించే బలం దురభిప్రాయానికి ఉందన్న అర్థం వచ్చేలా ఎర్రసిరాతో రాసుకున్నది ఊరికే కాదు. నిర్దోషి నిశ్చింతగా నడిస్తే అది పొగరుగా కనిపించే ఊళ్లో, నిర్దోషి ఎలా నడవాలి?

2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో జుమ్మా నమాజు వేళ బాంబు పేలింది. నమాజుకి వచ్చినవాళ్లే చచ్చారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లోనూ మావాళ్లే చచ్చారు. అనుమానంతో పట్టుకెళ్లిందీ మా కుర్రాళ్లనే. వాళ్లు కోర్టుల్లో నిర్దోషులుగా బయటికి రావడానికి నెలలూ ఏళ్లూ పట్టాయి. ఆ పైన దర్యాప్తు ఇంకో దారి పట్టింది. చివరికి 2018 ఏప్రిల్‌లో విచారణ ఎదుర్కొన్న ఆ రెండో దారి నిందితులు కూడా సాక్ష్యం చాలక విడుదలయ్యారు. పేలింది నిజం, చచ్చింది నిజం. చేసినవాడే లేడు. కాని మొదటిరోజు పేర్లు అనుకోవడానికి మాత్రం ఎవరికీ ఒక గంట పట్టలేదు.

అయితే సాంతియాగో నాసర్‌ని షహీదుని చేసి ఊరేగించడానికి మేం సిద్ధంగా లేం. ఈ నవలని మైనారిటీ కంటితో చదివేవాళ్లు పడే గొయ్యి అదే. ఆ ఇంట్లో వంట చేసే విక్టోరియా గుస్మాన్ ఉంది. ఆవిడ పడుచుతనంలో ఉండగా సాంతియాగో తండ్రి ఇబ్రాహీం నాసర్ ఆవిణ్ణి లొంగదీసుకున్నాడు. పశువుల కొట్టాల్లో కొన్నేళ్లు వాడుకున్నాడు. మోజు తీరాక ఇంట్లో పనిమనిషిగా తెచ్చి పెట్టాడు. ఇప్పుడు ఆవిడ కూతురు దివినా ఫ్లోర్ ఎదుగుతోంది. చనిపోయే రోజు ఉదయం కూడా సాంతియాగో ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లాగాడు. తల్లి చేతిలో కత్తితో అడ్డం వచ్చింది. ఆ తల్లి అప్పుడు కుందేళ్లు కోస్తోంది. పేగులు తీసి కుక్కలకి వేస్తోంది. చంపబోతున్నారన్న కబురు ఆమెకి అప్పటికే తెలుసు. పాలు అడుక్కోవడానికి వచ్చిన ఆడమనిషి చెప్పిపోయింది. విక్టోరియా గుస్మాన్ నోరు విప్పలేదు. వాణ్ణి చంపేయాలనే అమ్మ మనసులో ఉందని కూతురు ఏళ్ల తర్వాత ఒప్పుకుంది.

ఈ వంటింటి దగ్గర మేం చాలాసేపు ఆగాం. ఊరందరి మౌనమూ ఒకటి కాదు. కర్నల్ మౌనం సోమరితనం. ఫాదర్ మౌనం పదవి. ఫౌస్తా లోపెస్‌ది అలవాటైన ద్వేషం. విక్టోరియా గుస్మాన్‌ది మాత్రం బాకీ. ఆమెని మేం ఏ నోటితో తప్పుపట్టాలి? ఇబ్రాహీం నాసర్ వలస వచ్చినవాడే. మైనారిటీయే. కాని ఆమె ముందు అతను దొర. కొడుక్కి అతను అరబ్బీతో పాటు తుపాకులూ, డేగలతో వేటా, దొరతనమూ నేర్పాడు. పైనుంచి చూస్తే టర్కో, కిందినుంచి చూస్తే యజమాని.

తెలంగాణ ముస్లింలకి ఈ ముడి బాగా తెలుసు. మా గురించి ఊళ్లలో మిగిలిన జ్ఞాపకంలో నవాబు ఉన్నాడు, జాగీర్దారు ఉన్నాడు, రజాకారు ఉన్నాడు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో రజాకార్లూ నిజాం పోలీసులూ చేసిన మారణకాండ అబద్ధం కాదు. ఆ ఊరు ఇంకా తన చచ్చినవాళ్లని తలుచుకుంటుంది, తలుచుకోవాలి. కాని నెల తిరక్కముందే, సెప్టెంబరులో సైన్యం వచ్చిన తర్వాత, ఆ బాకీని ఎవరి దగ్గర వసూలు చేశారు? నవాబు కోటలో ఉన్నాడు. నిజాము రాజప్రముఖుడయ్యాడు. వసూలైంది పల్లెల్లో నేతగాళ్ల దగ్గర, కూలీల దగ్గర, చిల్లర అంగళ్లవాళ్ల దగ్గర. నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ బృందం ఆ ఏడాది నవంబరు, డిసెంబరు నెలల్లో సంస్థానంలోని పల్లెలు తిరిగింది. చనిపోయినవాళ్లు 27,000 నుంచి 40,000 దాకా ఉంటారని లెక్క కట్టింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నాయని చెప్పింది. కుళ్లుతున్న శవాలతో ఉన్న బావుల్ని తమకు చూపించారని రాసింది. బావి అంటే పల్లెలో దాపరికం కాదు. ఆ నీళ్లు తోడుకునేది ఊరే. ఊరందరికీ తెలియాల్సిందే.

ఆ నివేదిక ఏమైంది? మార్క్వెజ్ నవలలో విచారణ కాగితాల్ని నీళ్లు ముంచాయి. ఇక్కడ నీళ్ల అవసరం కూడా రాలేదు. ప్రభుత్వమే పెట్టెలో పెట్టింది. ముక్కలు ముక్కలుగా బయటికి పొక్కుతూ వచ్చి, 2013లో గాని ఢిల్లీ నెహ్రూ మెమోరియల్ మ్యూజియంలో జనం చూడటానికి దొరకలేదు. అరవై అయిదేళ్లు. మార్క్వెజ్ కథకుడికి ఇరవై ఏడేళ్ల తర్వాతైనా అడగడానికి సాక్షులు బతికి ఉన్నారు. ప్రతివాడూ ఆ ఉదయం వాన పడిందో ఎండ కాసిందో తేల్చుకోలేక తడుముకున్నా, నోరైతే విప్పారు. మా పల్లెల సాక్షుల్లో చాలామంది ఆ కాగితం వెలుగులోకి రాకముందే మట్టిలో కలిసిపోయారు. తెలుగులో ఇన్ని సాయుధ పోరాట నవలలు వచ్చాయి. ఆ బావుల దగ్గరికి ఎర్రసిరా పట్టుకుని వెళ్లిన నవల ఏదని అడగడం అత్యాశ అవుతుందా?

మళ్లీ నవలలోకి వస్తే, హత్య తర్వాత జరిగిన తంతు మాకు మరీ దగ్గరగా తగిలింది. పొడిచిన వెంటనే కోపంతో కొందరు అరబ్బులు కవలల వెంటపడ్డారు. కవలలు చర్చిలో దూరి ఫాదర్‌కి లొంగిపోయారు. తర్వాత వాళ్లిద్దరూ ఖైదులో ఉంటే ఊళ్లో పుకారు లేచింది. అరబ్బులు పగ తీర్చుకుంటారు, రాత్రికి కిటికీలోంచి పెట్రోలు పోసి ఖైదీల్ని కాల్చేస్తారు. పాబ్లోకి విరేచనాలు పట్టుకుంటే అరబ్బులే విషం పెట్టించారనుకున్నారు. అప్పుడు కర్నల్ అపోంతే ఏం చేశాడు? హత్యకి ముందు కవలల ఇంటికి వెళ్లి కాపలా పెట్టనివాడు, హత్య అయ్యాక అరబ్బుల ఇళ్లకి ఇంటింటికీ వెళ్లాడు. చూసి తేల్చాడు. వాళ్లు నేలమీద కూర్చుని ఏడుస్తున్నారు, ఎవరి మనసులోనూ పగ లేదని. నూరేళ్ల ముసలమ్మ సుసేమే అబ్దాలా అయితే పాబ్లో విరేచనాలు కట్టడానికి కషాయం చెప్పి పంపింది. తన మనవడి వయసు పిల్లవాణ్ణి చంపినవాడికి.

కొడుకు చచ్చింది ఎవరికి, సోదా ఎవరికి? మా మొహల్లాల్లో ఇది ఎన్నిసార్లు చూశాం! 1992 డిసెంబరు 6న మసీదు కూలింది అయోధ్యలో. పికెట్లు వచ్చి కూర్చున్నది మా గల్లీల మొదట్లో. శాంతి సంఘం మీటింగుకి రమ్మని మా ముసలివాళ్లని పిలిచి, మీవాళ్లని అదుపులో పెట్టుకోండి అని చెప్పారు. దెబ్బ తిన్నవాడే శాంతికి పూచీ రాసివ్వాలి. ఏడుస్తున్నామా లేదా, ఏడుపు ఎంత గట్టిగా ఉంది, అందులో పగ ఏమైనా కలిసిందా అని అధికారి తేల్చి చెబితేగాని మా దుఃఖం చెల్లదు.

ఇక్కడే మార్క్వెజ్‌తో మాకు పేచీ. కర్నల్ వెళ్లి చూసి తేల్చిన ముక్కని ఆయన కర్నల్ నోట్లోనే వదిలేయలేదు. కథకుడి నోట్లోనూ అదే పెట్టాడు. అరబ్బులు శాంతమైనవాళ్లు, కష్టపడేవాళ్లు, రంగు గుడ్డలూ చిల్లర సామాన్లూ అమ్ముకునేవాళ్లు, పెరట్లో గొర్రెల్ని పెంచుకుని వంకాయలు వేసుకునేవాళ్లు అని ప్రేమగా రాశాడు. ప్రేమని కాదనడం లేదు. కాని ఆ ప్రేమ వెనక ఒక షరతుంది. బజారులో దుకాణం ఉండాలి, పెరట్లో వంకాయలుండాలి, చంపినవాడికి కషాయం పంపే అవ్వ ఉండాలి. అప్పుడే వాళ్ల చావు కథకి పనికొస్తుంది. కోపం వచ్చిన అరబ్బు నవలలో ఉన్నాడు. యమీల్ షాయూం అనే దుకాణదారు ఉన్నాడు. నమ్మకం కుదరకపోయినా ఎలాగోలా హెచ్చరించాలని తంటాలు పడ్డ కొద్దిమందిలో అతనొకడు. అతని మనసులోకి, ఆ వెంటపడ్డ మిగతావాళ్ల మనసుల్లోకి కథకుడు ఎక్కువసేపు వెళ్లడు. ఊళ్లో ఫౌస్తా లోపెస్‌ని అడిగినంత తీరిగ్గా టర్కోల వీధిలో కూర్చోడు. ఇరవై ఏడేళ్లు వాళ్లు ఏమనుకుంటూ ఆ చౌరస్తా దాటారో మనకి తెలియదు. తెలుగు సినిమా రహీం చాచా గుర్తుకొస్తాడు. హీరో కోసం ప్రాణమిచ్చే మంచి ముసలి సాయిబు. మార్క్వెజ్ అంత దిగజారలేదు, ఆ మాట ఒప్పుకుందాం. కాని దారి అటే పోతుంది.

పరువు సంగతి. కవలల వకీలు ఇది పరువు కాపాడుకోవడానికి చేసిన హత్య అని వాదిస్తే కోర్టు ఒప్పుకుంది. విచారణకి ముందు జామీను డబ్బు లేక మూడేళ్లు జైల్లో ఉన్నారు. తర్వాత నిర్దోషులుగా వదిలేశారు. పాబ్లోని చేసుకోబోయే పిల్ల, అతను ఆ పని చేయకపోయి ఉంటే చేసుకునేదాన్నే కాదని చెప్పింది. చంపినవాళ్లకి నిజానికి చంపాలని లేదు. ఊరు వాళ్ల చేతిలో కత్తి పెట్టి, వాడకపోతే మగాళ్లు కారంది. ఇది చదువుతూ పరాయివాళ్ల ఆచారం చూసి ముక్కున వేలేసుకునే హక్కు మాకు లేదు. మా ఇళ్లలో ఇజ్జత్ అనే మాట ఉంది. ఆడపిల్ల నడకలో, దుపట్టాలో, ఫోనులో, కడుపులో కూర్చుని ఉంటుంది ఆ మాట. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఆసుపత్రి బయట పట్టపగలు ఒక దళిత యువకుణ్ణి కిరాయి కత్తి నరికినప్పుడు మేం గొంతెత్తాం. ఎత్తాల్సిందే. 2022 మేలో హైదరాబాద్ సరూర్‌నగర్ నడిరోడ్డు మీద, ముస్లిం అమ్మాయిని ప్రేమించి పెళ్లిచేసుకున్న మరో దళిత యువకుణ్ణి చంపినప్పుడు నిందితుడు ఆ అమ్మాయి సొంత అన్న. ఆ పిల్ల అందరి కాళ్లావేళ్లా పడింది. చుట్టూ నిలబడినవాళ్లలో ఫోనులో తీసినవాళ్లున్నారు. మార్క్వెజ్ చౌరస్తాలో, ఊరేగింపు చూడటానికొచ్చినట్టు చోట్లు చూసుకుని నిలబడ్డ జనమే. ఆ రోజు వికారియో అన్నదమ్ములు మా గల్లీలోంచి బయల్దేరారు. మా పెద్దమనుషులు కొందరు ఖండించారు. కొందరు ఖండిస్తూనే 'కాని' అన్నారు. ఆ 'కాని'లో మార్క్వెజ్ ఊరంతా ఉంది. అస్తిత్వం అంటూ మేం రాసుకునే వ్యాసాల్లో సాంతియాగో నాసర్ స్థానం మాత్రమే మాదని చెప్పుకుంటే అది సగం లెక్కే. పాలకొట్లో కత్తి దాచుకు కూర్చున్న కుర్రాడూ మావాడే.

ఆంహెలా గురించి మార్క్వెజ్ చేసింది మాకు అంతగా నచ్చలేదు. దెబ్బలు తిన్న పిల్ల తనని వదిలేసినవాడి మీదే ప్రేమ పెంచుకుని, ఏళ్ల తరబడి రెండువేల దాకా ఉత్తరాలు రాస్తుంది. చివరికి వాడు లావెక్కి, బట్టతలతో, ఒక్కటీ విప్పని ఆ ఉత్తరాల కట్టలతో తిరిగొస్తాడు. చదవడానికి అందంగా ఉంటుంది. కాని ఒక మనిషి ప్రాణం తీసిన ఆ పేరు ఆమె నోట్లోకి ఎలా వచ్చిందన్న ప్రశ్న ఆ ఉత్తరాల రిబ్బన్ల కింద మూసుకుపోతుంది. కథకుడు అడిగాడు, వాడే అంది, మళ్లీ అడగలేదు. చచ్చినవాడి పక్షాన మూడో ప్రశ్న వేసే మనిషి ఆ పుస్తకంలో లేడు.

మమ్మల్ని ఎక్కువగా వెంటాడేది మాత్రం భాష సంగతి. ఆ ఊరి అరబ్బుల్లో ముసలివాళ్లు అరబ్బీ మాట్లాడతారు. రెండో తరం ఇంట్లో నిలుపుకుంది. మూడో తరం పిల్లలు తల్లిదండ్రుల అరబ్బీ విని స్పానిష్‌లో జవాబిస్తారు. మా ఇళ్లలో అమ్మీ ఉర్దూలో కేకేస్తే పిల్లలు తెలుగులో, ఇప్పుడైతే ఇంగ్లీషులో పలుకుతున్నట్టు. ఆ మూడో తరంలో ఒక్కడికే మినహాయింపు. సాంతియాగో నాసర్ తండ్రితో అరబ్బీలోనే మాట్లాడేవాడు. చనిపోయే ముందు అతను వెళ్లింది పెళ్లి కుదిరిన పిల్ల ఫ్లోరా మిగేల్ ఇంటికి. ఆమె తండ్రి నహీర్ మిగేల్ ఆ అరబ్బులకి పెద్ద. ఒంటిమీద బెదూయిన్ల అంగీతో బయటికి వచ్చాడు. వికారియో అన్నదమ్ములు చంపడానికి వెతుకుతున్నారు, తెలుసా అన్నాడు. కుర్రాడి ముఖం పాలిపోయింది. ఆ పాలిపోవడం నటన కాదని ముసలాయన తర్వాత సాక్ష్యం చెప్పాడు. తప్పు చేశావో లేదో నీకే తెలియాలి, ఈ ఇంట్లో దాక్కో, లేదంటే నా తుపాకీ తీసుకుని వెళ్లు అన్నాడు. నాకేమీ అర్థం కావడం లేదన్నాడు సాంతియాగో. ఆ ఒక్క ముక్కే అనగలిగాడు. అదీ స్పానిష్‌లో అన్నాడు. తండ్రి నేర్పిన భాషలో ఆ మాటకి మాటలు లేక కాదు. ఆ నేరం, ఆ పరువు, ఆ తీర్పు అన్నీ చౌరస్తా భాషలో జరిగిపోయాయి. అర్థం కావడం లేదని చెప్పుకోవాల్సింది కూడా ఆ భాషలోనే.

తుపాకీ తీసుకోలేదు. చౌరస్తాలోకి వచ్చాడు. అటు వద్దు, ఇటు రా అని నాలుగు వైపుల నుంచీ కేకలు. ఇంటివైపు పరుగెత్తాడు. ఇంకొన్ని అడుగులు ఉండగా తల్లి ప్లాసిదా లినేరో ముందు తలుపు గడియ వేసేసింది. కొడుకు అప్పటికే ఇంట్లోకి వచ్చేశాడని దివినా ఫ్లోర్ ఆమెతో చెప్పింది.